చెప్పినవాళ్లకే తిరిగి చెప్పడం: ఓడీ నేర్చుకునేవాళ్లకు ఓనమాలు

తిరుపతిలో ఓడీ అనే మాట వినిపిస్తే గవర్నమెంటు ఉద్యోగికి ఆన్ డ్యూటీ గుర్తొస్తుంది, గాంధీ రోడ్డులో షాపు నడిపే వ్యాపారికి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ గుర్తొస్తుంది. మూడో ఓడీ ఒకటుంది, ఆర్గనైజేషన్ డెవలప్‌మెంట్. శ్రీసిటీలోనో, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లోనో, ఏదైనా పెద్ద ఆసుపత్రిలోనో హెచ్ఆర్‌లో చేరిన ఎంబీఏ కుర్రవాడికి రెండో ఏడో మూడో ఏడో ఈ మాట తగులుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది, షిఫ్టులు మారుతున్నాయి, రెండు డిపార్ట్‌మెంట్లను కలిపేస్తున్నారు, "ఈ మార్పు సంగతి నువ్వు చూసుకో" అని పైనుంచి ఒక మెయిల్ వస్తుంది, అంతటితో అతను ఛేంజ్ మేనేజర్ అయిపోతాడు.

అప్పుడతను చేసే మొదటి పని ఏమిటో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఒక హోటల్లో హాలు బుక్ చేస్తాడు. బయటి నుంచి ట్రైనర్ వస్తాడు, పొద్దున బెలూన్ల ఆట, తర్వాత స్లైడ్లు, మధ్యాహ్నం ఉలవచారుతో భోజనం, సాయంత్రం గ్రూప్ ఫోటో. అందరూ నవ్వుతూనే ఇంటికెళ్తారు. సోమవారం ఆఫీసుకొస్తే స్టోర్స్‌కీ ప్రొడక్షన్‌కీ మధ్య ఉన్న పాత గొడవ ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. ట్రైనింగ్ పనికిరాదని చెప్పడం లేదు. మనిషికి పని రాకపోతే నేర్పించాలి, అందులో సందేహం లేదు. కానీ పని వచ్చిన పది మంది కలిసి కూర్చున్నా పని కాకపోతే, ఆ చిక్కు ఏ ఒక్కరి తలలోనూ ఉండదు, వాళ్ల మధ్య ఉంటుంది. ఓడీ మొదలయ్యేది అక్కడ.

పుస్తకాల్లో దీనికి నిర్వచనాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది పట్టుకునేది 1969లో రిచర్డ్ బెక్‌హార్డ్ ఇచ్చింది. దాన్ని మన మాటల్లో చెప్పుకుంటే: ముందే ఆలోచించి వేసుకున్న పథకం ఉండాలి, అది సంస్థ మొత్తాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి, పైవాళ్ల అండ ఉండాలి, సంస్థ పనితీరూ దాని ఆరోగ్యమూ రెండూ పెరగాలి, అందుకోసం మనుషుల ప్రవర్తన గురించి శాస్త్రం చెప్పినదాన్ని వాడుకుంటూ సంస్థ నడకలో జోక్యం చేసుకోవాలి. ఇందులో "ఆరోగ్యం" అన్న మాటను చాలామంది చదివి దాటేస్తారు. ఈ ఏడు టార్గెట్ కొట్టి వచ్చే ఏడు సగం మంది మానేసే కంపెనీకి పనితీరు ఉన్నట్టే, ఆరోగ్యం లేనట్టే.

సంస్థ బొమ్మను మార్చడం కూడా ఓడీ కాదు, అది వేరే పని. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, ఉమ్మడి చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లోని భాగాలు కలిసి తిరుపతి జిల్లా విడిగా వచ్చింది. అలాంటప్పుడు బోర్డు మార్చడం ఒక్క రోజు పని. ఫైళ్లు పంచడం, సీట్లు సర్దడం కొన్ని వారాల పని. ఏ కాగితం ఎవరి దగ్గరికి వెళ్తే కదులుతుంది, ఎవరికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా సమాధానం చెప్తారు అన్న ఎరుక కొత్తగా ఏర్పడటానికి మాత్రం జీవోలో తేదీ ఉండదు. పునర్వ్యవస్థీకరణ ఆగిపోయే చోట ఈ మూడో రకం పని మొదలవుతుంది, దానికి ఎవరూ బడ్జెట్ పెట్టరు.

ఈ విద్య ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని స్వభావం పట్టుబడుతుంది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. కర్ట్ లెవిన్ యూదు మనస్తత్వవేత్త, 1890లో పుట్టాడు, హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీ వదిలి అమెరికా వెళ్లిపోయాడు. 1946 వేసవిలో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో జాతి, మత వివక్షతో పోరాడే పనిలో ఉన్నవాళ్లకు ఒక వర్క్‌షాప్ పెట్టారు. లెవిన్‌తో పాటు రొనాల్డ్ లిప్పిట్, కెన్నెత్ బెన్, లీలాండ్ బ్రాడ్‌ఫర్డ్ అందులో ఉన్నారు. పగలు చిన్న చిన్న గుంపులుగా చర్చలు జరిగేవి, పరిశోధకులు పక్కన కూర్చుని ఎవరు ఎలా మాట్లాడారో రాసుకునేవాళ్లు. రాత్రి సిబ్బంది, పరిశోధకులు మాత్రమే కూర్చుని ఆ రాతలు సరిచూసుకునేవాళ్లు. ఒక రాత్రి ఆ చర్చకు వర్క్‌షాప్‌లో నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు వచ్చి, మేమూ వింటామన్నారు. సిబ్బందిలో కొందరికి ఇబ్బందిగా అనిపించినా లెవిన్ సరేనన్నాడు. ఒక పరిశోధకుడు, ఫలానా ఆమె ఇవాళ చర్చలో ఇలా ప్రవర్తించింది అని చదివాడు. ఆమె అక్కడే ఉంది. అలా జరగలేదంది. మాటకు మాట పెరిగింది, చివరికి ఆ పూట ఏం జరిగిందో అందరూ కలిసి విడమరిచి చూసుకున్నారు. తర్వాతి రాత్రులు అలా నేర్చుకునేవాళ్లు ఇంకా ఎక్కువమంది వచ్చారు. పగటి పాఠాల కన్నా రాత్రి జరిగే ఈ ముచ్చటే ఎక్కువ నేర్పుతోందని తేలిపోయింది.

ఎవరి గురించి రాసుకున్నారో వాళ్ల ముందే దాన్ని చదవడం. ఇంతే జరిగింది. అది కూడా ఎవరూ ప్లాన్ చేయలేదు, అనుకోకుండా జరిగింది. లెవిన్ 1947 ఫిబ్రవరిలో చనిపోయాడు, ఆ వేసవిలోనే మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో మిగిలినవాళ్లు నేషనల్ ట్రైనింగ్ లేబొరేటరీస్ మొదలుపెట్టారు, చిన్న గుంపు తన నడవడినే తాను చూసుకుని నేర్చుకునే టీ-గ్రూపులనే (ట్రైనింగ్ గ్రూపులు) పద్ధతి అక్కడి నుంచే పాకింది. ఇవాళ మనం ప్రతి దానికీ ఫీడ్‌బ్యాక్, ఫీడ్‌బ్యాక్ అంటున్నామే, ఆఫీసు గదుల్లోకి దాన్ని లాక్కొచ్చిన దారుల్లో ఇది పెద్దది. మన ఆఫీసుల్లో దానికి పట్టిన గతి ఏమిటంటే, సంవత్సరానికోసారి గూగుల్ ఫామ్ ఒకటి వస్తుంది, నింపేస్తాం, అది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

సర్వేల సంగతి కూడా అప్పట్లోనే తేల్చారు. 1940ల చివర్లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి రెన్సిస్ లైకర్ట్ బృందం డెట్రాయిట్ ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో ఉద్యోగుల అభిప్రాయాలు సేకరించింది. ఆ బృందంలోని ఫ్లాయిడ్ మాన్ గమనించిందేమిటంటే, రిపోర్టు మేనేజర్ బల్ల మీదికి చేరినంత మాత్రాన ఏమీ మారలేదు. మేనేజర్ తన కిందివాళ్లతో కూర్చుని ఆ అంకెల మీద మాట్లాడిన చోట మారింది. అంటే సర్వే కన్నా ఆ కూర్చోవడంలోనే బలం ఉంది. దీన్నే సర్వే ఫీడ్‌బ్యాక్ అన్నారు. 75 ఏళ్లు దాటినా సర్వే జరుపుతున్నారు, కూర్చోవడం మర్చిపోతున్నారు. ఇంకా చెప్పాలంటే, అడిగి ఏమీ చెప్పకపోవడం అసలు అడగకపోవడం కన్నా చెడ్డది, రెండోసారి అడిగితే ఎవరూ నిజం రాయరు.

లెవిన్ యుద్ధకాలంలో చేసిన ఇంకో ప్రయోగం చిన్నదే అయినా గుర్తుండిపోతుంది. మాంసం కొరత వల్ల గుండె, మూత్రపిండాల వంటివి వండమని అమెరికా గృహిణులకు చెప్పాల్సి వచ్చింది. (మన దగ్గర బోటీకీ తలకాయ కూరకీ ప్రచారం అవసరమే లేదు గానీ, అక్కడ వాళ్లకు అవి పడవు.) కొన్ని గుంపులకు చక్కగా ఉపన్యాసం ఇచ్చి వంట కాగితాలు పంచారు. ఇంకొన్ని గుంపులను తమలో తామే చర్చించుకుని చివర్లో ఎవరు వండి చూస్తారో చేయెత్తమన్నారు. తర్వాత వెళ్లి కనుక్కుంటే ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం మంది కొత్తగా వండారు, చర్చించి తేల్చుకున్నవాళ్లలో 32 శాతం మంది. టౌన్‌హాల్ మీటింగు పెట్టి గంట ఉపన్యాసం ఇచ్చి "కమ్యూనికేషన్ అయిపోయింది" అని టిక్కు పెట్టుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ గోడ మీద రాసుకోవచ్చు.

ఇక వర్జీనియాలో మారియన్ అనే ఊళ్లో హార్వుడ్ కంపెనీ పైజామాల ఫ్యాక్టరీ. ఎక్కువగా ఆడవాళ్లు, ఎంత కుడితే అంత కూలి. పని పద్ధతి కాస్త మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, మనుషులు మానేసేవాళ్లు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం 1948లో అచ్చయింది. ఇస్త్రీ చేసేవాళ్ల గుంపు ఒకటి అప్పటిదాకా అరడజను చొప్పున అట్టముక్క మీద పేర్చేవాళ్లు, ఇకపై అట్టపెట్టెలో పేర్చాలి, మార్పు అంతే. మేనేజ్‌మెంటు వాళ్లను పిలిచి కారణం చెప్పి, కొత్త రేటు చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చి పంపించింది, మామూలుగా ఎక్కడైనా జరిగేదే. ఉత్పత్తి పడిపోయింది, లేవలేదు. నలభై రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ఇంకో రెండు గుంపుల్లో అందరినీ కూర్చోబెట్టి, ఖర్చు ఎందుకు తగ్గించాలో చూపించి, కొత్త పద్ధతి ఎలా ఉండాలో, రేటు ఎలా కట్టాలో వాళ్లతోనే కలిసి తేల్చారు. వాళ్లు త్వరగా కోలుకుని మార్పుకు ముందు ఉన్నదాని కన్నా దాదాపు 14 శాతం పైకి వెళ్లారు, ఆ నలభై రోజుల్లో ఒక్కరూ మానలేదు. అసలు ముచ్చట తర్వాత జరిగింది. మొదటి గుంపులో మిగిలినవాళ్లను కొన్నాళ్లకు మళ్లీ పోగుచేసి ఇంకో కొత్త పనికి మార్చారు, ఈసారి అందరినీ కలుపుకునే పద్ధతిలో. వాళ్లూ చకచకా లేచారు. మొండివాళ్లని పేరుపడ్డవాళ్లే. "మా స్టాఫ్‌కి మార్పంటే పడదండీ" అనే మాట విన్నప్పుడల్లా ఈ గుంపు గుర్తు రావాలి.

చిత్తూరు వైపు దీన్ని దగ్గరి నుంచి చూడాలంటే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కన్నా మంచి చోటు దొరకదు. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క ఫ్యాక్టరీ కథా కాదు, పాఠం కోసం అల్లుకున్నది, కానీ సీజన్‌లో ఆ వైపు తిరిగినవాళ్లకు వింతగా అనిపించదు. జూన్ నెల. గేటు బయట తోతాపురి లోడుతో లారీలూ ట్రాక్టర్లూ బారులు తీరి ఉంటాయి. లోపల కాయను గోదాంలో మాగబెడతారు, మాగిన పండు బెల్టు మీదికి వస్తుంది, బెల్టుకు రెండు వైపులా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు నిలబడి పచ్చివీ కుళ్లినవీ ఏరేస్తారు, మిగిలింది కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, వేడి చేసి డ్రమ్ముల్లోకి పోతుంది. ల్యాబ్‌లో కెమిస్టు తీపి చూస్తాడు, రంగు చూస్తాడు, నల్ల మచ్చలు చూస్తాడు. ఈ మధ్య రాత్రి షిఫ్టు బ్యాచ్‌లు ఎక్కువగా ఫెయిలవుతున్నాయి. మేనేజర్ ఓడీ పని చేసే మీకు ఫోన్ చేసి అంటాడు: "ఆడోళ్లు ధ్యాస పెట్టడం లేదు సార్, కబుర్లెక్కువ. మీరొచ్చి ఒక పూట మోటివేషన్ క్లాసు పెట్టండి."

ఇక్కడ ఎడ్గార్ షైన్ అనే అమెరికా ఆచార్యుడు సలహాదారులకు చెప్పిన మూడు దారులు కనిపిస్తాయి. సరుకు అడిగారు, సరుకు అమ్మేసి డబ్బు తీసుకో, ఇది మొదటి దారి, మోటివేషన్ క్లాసు చెప్పేసి రావడం. రెండోది డాక్టరు దారి, నువ్వే నాడి పట్టి చూసి మందు రాసివ్వడం. మూడోదాన్ని ఆయన ప్రాసెస్ కన్సల్టేషన్ అన్నాడు, 1969లో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు: జబ్బేమిటో కనుక్కునే పనిలో ఇంటివాళ్లనే కూర్చోబెట్టడం, ఎందుకంటే నువ్వు వెళ్లిపోయాక ఇంకో జబ్బు వస్తే చూసుకోవాల్సింది వాళ్లే. ఓడీ ఎక్కువగా ఈ మూడో దారిది. అలాగని మొదటి రెండూ తప్పని కాదు. బాయిలర్ పాడైతే బాయిలర్ తెలిసినవాణ్ణే పిలవాలి, సర్కిల్ వేసి కూర్చుని చర్చించకూడదు.

క్లాసు ఒప్పుకోకుండా, మూడు రాత్రులు ఊరికే చూస్తానని అడగడం మొదటి మెట్టు. అడిగే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎవరు చెప్పిందైనా పేరు బయటికి రాదు అని మేనేజర్ మాటివ్వాలి. తేలిన విషయాలు తనకు ఒక్కడికే కాకుండా మాట్లాడినవాళ్లందరికీ చెప్తామని ముందే ఒప్పుకోవాలి. తన గురించి కూడా ఏదైనా తేలితే వినాలి. ఈ మూడోదానికి అతను నవ్వి "అదేముంది సార్" అంటాడు, ఆ నవ్వును అంత త్వరగా నమ్మకూడదు, "ఏదైనా కష్టమైన మాట వస్తే ఏం చేద్దాం?" అని అక్కడే ఇంకోసారి అడగాలి. దీన్ని కాంట్రాక్టింగ్ అంటారు. కాగితం మీద సంతకం కన్నా ఈ మాటలు ముఖ్యం.

మొదటి రాత్రి కనిపించేది కబుర్లే. రెండో రాత్రి పదకొండు దాటాక గేటు దగ్గర లారీల బారు పెరిగిందని ఫోన్ వస్తుంది, ఓనరు మనిషి వచ్చి బెల్టు స్పీడు పెంచమంటాడు, ఆపరేటరు పెంచుతాడు. చేయి వేసేలోపు పండు దాటిపోతుంది. బెల్టు చివర ట్యూబులైటు ఒకటి వెలగడం లేదు. ఏరేసిన పచ్చి కాయల క్రేట్లు తిరిగి గోదాంకు పోవాలి, కానీ గోదాం సూపర్‌వైజరుకు వాపసు వచ్చిన ప్రతి క్రేటుకూ చీవాట్లు పడతాయి, అందుకే అతను మేస్త్రీతో "ఏం పర్లేదు, కలిసిపోతాయి పంపించెయ్" అంటాడు. మేస్త్రీ ఆడవాళ్లకు కళ్లతోనే చెప్తాడు. ఓనరు మనిషి లారీలు ఖాళీ చేయించాలి, చేయిస్తున్నాడు. సూపర్‌వైజరు వాపసులు తగ్గించాలి, తగ్గిస్తున్నాడు. మేస్త్రీ గొడవ రాకుండా చూడాలి, చూస్తున్నాడు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తున్నారు, అందరూ బాగా చేయడం వల్లనే బ్యాచ్ ఫెయిలవుతోంది. ఇందులో మోటివేషన్ క్లాసు ఎక్కడ పెడతారు?

ఇదంతా ఆడవాళ్లకు ముందే తెలుసు. తెలుసు కాబట్టే కబుర్లు చెప్పుకుంటున్నారు. మేస్త్రీ ఎదురుగా అడిగితే "అంతా బాగుంది సార్" అంటారు, వచ్చే సీజన్‌కు పనికి పిలవాల్సింది ఆయనే మరి. టీ టైములో, మేస్త్రీ లేనప్పుడు, రాసుకునే పుస్తకం పక్కన పెట్టి అడిగితే పెద్దావిడ ఒకామె చెప్తుంది: "బెల్టు నిదానంగా పోతే మేమెందుకు వదుల్తాం నాయనా, చెయ్యి అందాల గదా." ఓడీలో డయాగ్నసిస్ అంటే ఈ ఒక్క వాక్యం దగ్గరికి చేరడమే. మార్విన్ వైస్‌బోర్డ్ 1976లో ఆరు పెట్టెల నమూనా ఒకటి ఇచ్చాడు, లక్ష్యం, నిర్మాణం, ప్రతిఫలం, సంబంధాలు, సాయపడే పద్ధతులు, వీటన్నిటి మధ్యలో నాయకత్వం, ఎక్కడెక్కడ వెతకాలో గుర్తుచేసే జాబితాగా అది పనికొస్తుంది. కానీ పెట్టెలు నింపడానికి వెళ్తే పెట్టెలే నిండుతాయి, నాయనా అన్న మాట వినిపించదు.

ఇప్పుడు తిరిగి చెప్పే రోజు. ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది. మొదట ఆడవాళ్లకే, విడిగా, ఏం రాసుకున్నామో చదివి వినిపించాలి. అందులో ఏది అందరి ముందు చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అని వాళ్లనే అడగాలి. వాళ్లు వద్దన్నది తీసేయాలి, అది ఎంత రుచికరమైన విషయమైనా సరే. తర్వాతే పెద్ద మీటింగు: బెల్టు నుంచి నలుగురు, మేస్త్రీ, గోదాం సూపర్‌వైజరు, బెల్టు ఆపరేటరు, కెమిస్టు, ఓనరు మనిషి, మేనేజరు. గోడ మీద ఒక పెద్ద చార్టు, దాని మీద మూడు రాత్రులకు గంట గంటకూ నాలుగే వరుసలు, గేటు దగ్గర లారీలెన్ని, బెల్టు స్పీడెంత, వాపసు పోయిన క్రేట్లెన్ని, ఫెయిలైన బ్యాచ్‌లెన్ని. పేర్లుండవు, నిందలుండవు, సలహాలు అసలే ఉండవు.

చార్టు చూశాక గదిలో నిశ్శబ్దం వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ నిశ్శబ్దం భరించలేనంత టెన్షన్. నోరు విప్పి "అంటే దీన్ని బట్టి మనకు తెలిసేదేమిటంటే" అని మొదలుపెట్టేస్తారు, అంతే, మీటింగు మళ్లీ క్లాసైపోతుంది. ఒక నిమిషం ఆగాలి. రెండు నిమిషాలైనా ఆగాలి. ఎవరో ఒకరు, తరచుగా కెమిస్టు లాంటి మనిషి, "లారీలు పెరిగిన గంటలోనే కదా ఫెయిలయ్యేది" అంటాడు. గోదాం సూపర్‌వైజరు వెంటనే తన వైపు నుంచి చెప్పుకుంటాడు, వాపసు క్రేట్ల చీవాట్ల సంగతి బయటికొస్తుంది, అది మేనేజర్ నోటి నుంచి పడ్డ చీవాట్లే. ఇప్పుడు అందరూ మేనేజర్ వైపు చూస్తారు. కాంట్రాక్టింగ్ రోజున అతను నవ్విన నవ్వు అసలు నవ్వో కాదో తెలిసేది ఈ క్షణంలోనే.

ఇక్కణ్ణుంచి ఏం తేల్చుకుంటారన్నది వాళ్ల ఇష్టం. బెల్టు చివర నిలబడ్డ మనిషి చేయెత్తితే స్పీడు తగ్గించాలని తేల్చవచ్చు, వాపసు క్రేటును సూపర్‌వైజరు తప్పుగా లెక్కించకూడదని తేల్చవచ్చు, ట్యూబులైటు ఆ సాయంత్రమే మార్చేయవచ్చు. వారం తర్వాత అదే చార్టు మళ్లీ గోడ మీద పెట్టి చూడాలి, మారితే సరే, మారకపోతే మళ్లీ మాట్లాడాలి. చూడటం, తిరిగి చెప్పడం, కలిసి తేల్చడం, చేసి మళ్లీ చూడటం, ఈ గుండ్రానికే లెవిన్ యాక్షన్ రీసెర్చ్ అని పేరు పెట్టాడు. కరిగించు, మార్చు, గడ్డకట్టించు అని స్లైడ్ల మీద కనిపించే మూడు మెట్లు కూడా ఆయనవే, కాకపోతే 1947 నాటి పెద్ద వ్యాసంలో వాటికి ఆయన ఇచ్చిన చోటు చాలా చిన్నది. తర్వాతి తరాలు ఆ చిన్న ముక్కను పట్టుకుని ఆయన మొత్తం ఇంతే అన్నట్టు చేశాయి.

అమెరికా కబుర్లు మనకెందుకు అనేవాళ్లు ఉంటారు, వాళ్లకు అహ్మదాబాద్ చూపించాలి. లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఏ.కె. రైస్ 1950ల మొదట్లో అక్కడి కాలికో మిల్లులో పనిచేశాడు. ఆటోమేటిక్ మగ్గాలు తెచ్చినా రావాల్సినంత ఫలితం రాలేదు. చూస్తే ఒక్కో మగ్గం చుట్టూ రకరకాల పనివాళ్లు తిరుగుతున్నారు, ఎవరు ఎవరి జట్టో తెలియదు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న జట్టు బాధ్యత వహించాలన్న ఆలోచనను కార్మికులే అందుకుని జట్లు కట్టుకున్నారు, ఉత్పత్తి పెరిగింది, బట్ట పాడవడం తగ్గింది. యంత్రాన్నీ మనుషుల అల్లికనూ విడివిడిగా చూడకూడదన్న సోషియో-టెక్నికల్ ఆలోచనకు అది పెద్ద సాక్ష్యం. 1970లో అదే ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూస్తే ఒక షెడ్డులో ఆ పద్ధతి ఇంకా నిలిచి ఉంది, మిగతా చోట్ల చాలావరకు పాతదానికి జారిపోయింది. ఈ రెండో సగాన్ని కోర్సుల్లో అంతగా చెప్పరు. మన దేశంలోనే ఉదయ్ పరీక్, టి.వి. రావు 1970ల మధ్యలో ఎల్ అండ్ టీ కోసం చేసిన పని నుంచి హెచ్ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) అనే విభాగం పుట్టింది, అంతకుముందే 1960లలో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పించి, సాధించాలన్న తపనను పెంచవచ్చా అని పరీక్షించాడు. తెలుగువాళ్లకు ఇది మరీ పరాయి విద్యేమీ కాదు.

అయినా కొన్ని చోట్ల దీన్ని వాడకూడదు. కూలి తక్కువ ఇచ్చి, వాళ్లు అడిగితే "కమ్యూనికేషన్ గ్యాప్" అని పేరుపెట్టి సర్కిల్‌లో కూర్చోబెట్టడం మోసం. మనుషుల్ని తీసేయాలని ముందే తేల్చేసి, "మీ అభిప్రాయాలు చెప్పండి" అని మీటింగు పెట్టడం అంతకన్నా పెద్ద మోసం. నిర్ణయం అయిపోయి ఉంటే అయిపోయిందని చెప్పాలి, ఎంతవరకు తెరిచి ఉందో అంతవరకే అడగాలి. పైవాడికి మారే ఉద్దేశం లేదని కాంట్రాక్టింగ్‌లోనే తెలిసిపోతే ఆ పని ఒప్పుకోకపోవడమే మంచిది. ఫీజు పోతుంది, నిజమే.

మన దగ్గర ఇంకో చిక్కుంది, ఈ పుస్తకాలు రాసినవాళ్లకు అది మనకున్నంతగా ఉండదు. మీటింగులో ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు గోడకానుకుని నిలబడతారు అన్నది కులాన్ని బట్టీ, వయసును బట్టీ, జీతాన్ని బట్టీ ముందే తేలిపోయి ఉంటుంది. అందరికీ ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీలు వేసినా కొందరు కూర్చోరు. "సార్ చెప్పాక నేనేం చెప్పేది" అనేది మర్యాద అనుకుంటారు, అందులో భయమెంతో మర్యాదెంతో విడదీయడం కష్టం. బహిరంగంగా ఉండండి అని పోస్టరు అంటిస్తే ఇది పోదు. చిన్న గుంపులో ముందు మాట్లాడించడం, పెద్దవాళ్లను చివర్లో మాట్లాడమని ముందే వాళ్లతో చెప్పి ఒప్పించడం, చీటీల మీద రాయించి కలిపి చదవడం, ఇలాంటి చిన్న పనులే దారి. చదవను రానివాళ్లు ఉంటే చీటీ కూడా అవమానమే అవుతుంది, అక్కడ రాళ్లో గింజలో పెట్టి లెక్కించడం మేలు.

నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, సర్టిఫికెట్ కోర్సు కన్నా ముందు మీ ఆఫీసులో జరిగే వారం మీటింగు ఉంది. ఒక కాగితం మీద అందరి పేర్లకు గుండ్రాలు గీసి, ఎవరి మాట తర్వాత ఎవరు మాట్లాడారో గీతలు గీయండి. నాలుగు వారాలు గీస్తే ఆ ఆఫీసు అసలు బొమ్మ బయటపడుతుంది, గోడ మీద ఫ్రేము కట్టిన ఆర్గ్ చార్టుతో అది కలవదు. మాట ఎవరి దగ్గరికి వెళ్లి ఆగిపోతుందో, ఎవరు నోరు తెరవగానే ఇంకొకరు ఫోన్ చూసుకుంటారో అందులో ఉంటుంది. మీ గుండ్రం నుంచి ఎన్ని గీతలు బయల్దేరాయో కూడా లెక్కపెట్టండి, మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉండొచ్చు. ఆ కాగితాన్ని ఎవరికైనా చూపిస్తారా లేదా, చూపిస్తే ఎవరికి, ఎప్పుడు, ఎవరి అనుమతితో అన్నదే తర్వాతి పాఠం.

గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ఒక ప్రశ్న తేలకుండా మిగిలింది. జూలై దాటితే కాయ ఉండదు, ఆడవాళ్లు పల్లెలకు, వేరే పనులకు చెదిరిపోతారు, చేయెత్తితే బెల్టు నిదానం కావాలన్న ఒప్పందం వాళ్లతోనే వెళ్లిపోతుంది. గడ్డకట్టించడానికి గుంపే లేదు. సీజన్ ఆఖరి రాత్రి ఇంకో గంట కూర్చుని, ఈ ఏడు ఏం పని చేసింది, ఏం చేయలేదు అని వాళ్ల మాటల్లోనే రాయించి, ఆ కాగితాన్ని హెచ్ఆర్ ఫైల్లో కాకుండా బెల్టు ఆపరేటరు దగ్గర ఉంచొచ్చు, అతను ఏడాది పొడవునా ఉంటాడు కాబట్టి. వచ్చే మే నెలలో కొత్తవాళ్లు సగం, పాతవాళ్లు సగం వస్తారు. మొదటి షిఫ్టుకు ముందు ఆ కాగితం మేనేజర్ చదవకుండా పాతవాళ్లలో ఒకామె చదివితే, లేదా చదవకుండా నోటితోనే చెప్తే, కొత్తవాళ్లు ఎవరి వైపు చూసి వింటారో గమనించడానికి బెల్టు పక్కన ఒక స్టూలు వేసుకుంటే చాలు.